పత్తర్‌గట్టి రాతి నీడ

ఎండలు ముదిరిన మే నెలలో, మిట్టమధ్యాహ్నం కూడా హైదరాబాద్ పత్తర్‌గట్టిలో బేరాలు ఆగవు. పెళ్లి బట్టల కోసం నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన కుటుంబాలు, టోకు బట్టల మూటలు భుజానికెత్తుకున్న చిన్న వ్యాపారులు, అత్తరు, సుర్మా కొనేవాళ్లు, ముత్యాల ధర అడిగి వెళ్లిపోయేవాళ్లు... వీలైనంతవరకు ఎవరూ రోడ్డెక్కరు. దుకాణాల ముందు వరసగా సాగే రాతి కమాన్ల కింద, వరండాలోనే నడుచుకుంటూ పోతారు. బయట నిప్పులు చెరిగే ఎండ, కమాను దాటి లోపలికి అడుగేస్తే చల్లటి నీడ. సుమారు నూరేళ్ల కిందట, ఒక మహావిపత్తు తర్వాత ఈ ఊరిని తిరిగి నిలబెట్టాలనుకున్నవాళ్లు కొలతలు వేసి, నల్లరాయి చెక్కించి, బజారుకొచ్చే మామూలు మనిషి కోసం కట్టించిన నీడ అది.

చార్మినార్ చూడవచ్చినవాళ్లు తలెత్తి మీనార్లను చూస్తారు, ఫొటో దిగుతారు, గాజుల కోసం లాడ్‌బజార్ వైపు తిరుగుతారు. అక్కడి నుంచే ఉత్తరంగా నడిస్తే మూసీ మీది నయాపూల్‌కు కిలోమీటరు దూరం. ఆ కాస్త దూరంలోనే కుతుబ్‌షాహీల కమాన్లు, అసఫ్‌జాహీ దివాన్ల దేవిడీ దర్వాజాలు, 1908 మూసీ వరద తర్వాత కట్టిన బజారు, నిన్నమొన్నటి అద్దాల కాంప్లెక్సులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఏది మిగిలింది, ఏది పోయింది అని చూసుకుంటూ నడిస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఈ బాటలో ఒక్కరి కోసం కట్టుకున్నవి దాదాపు అన్నీ పోయాయి. పదిమందీ వాడుకున్నవి మిగిలాయి. ఆ పదిమంది కట్టడాలే ఇప్పుడు పట్టించుకునే నాథుడు లేక కరిగిపోతున్నాయి.

కోట లేదు, కమాన్లున్నాయి

1591లో చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దాన్ని నాలుగు రోడ్ల కూడలిగా నిలబెట్టాడు. కొత్త నగరానికి నమూనా గీసింది ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ. చార్మినార్‌కు కాస్త ఉత్తరంగా విశాలమైన మైదానం, దానికి నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, నట్టనడుమ నీటి హౌజు. పడమటి కమాను లోంచి రాజప్రాసాదాలకు దారి. తూర్పు కమాను మీద నగారాలు మోగేవి. దక్షిణాన చార్మినార్ కమాన్, ఉత్తరాన మచ్లీ కమాన్. చేపను శుభసూచకంగా భావించేవాళ్లు కాబట్టి ఆ గుర్తు మీదే దానికి పేరొచ్చింది.

1687లో ఔరంగజేబు సేన గోల్కొండను పట్టుకున్నాక పడమటి కమాను వెనకాల ఉన్న ప్రాసాదాలకు దిక్కు లేకుండా పోయింది. దాద్ మహల్, ఖుదాదాద్ మహల్ లాంటి పేర్లు ఇప్పుడు చరిత్ర పుస్తకాల్లోనే. వాటి పునాదుల మీద ఇళ్లు, గల్లీలు, దుకాణాలు లేచాయి. ఒక రాజవంశం నివాసం జాడ కూడా చిక్కకుండా పోయిన చోట, జనం నడిచిన నాలుగు కమాన్లు మాత్రం నాలుగు వందల ఏళ్లు దాటినా నిలిచే ఉన్నాయి. వాటి కిందుగా రోజూ ఆటోలు, ద్విచక్ర వాహనాలు, తోపుడు బండ్లు వెళ్తూనే ఉన్నాయి. నడుమనున్న హౌజే గుల్జార్ హౌజ్. ఆ చుట్టూ వెండి, బంగారం, ముత్యాల దుకాణాలు.

కమాన్లు నిలిచాయన్నాను గానీ, దగ్గరికెళ్లి చూస్తే మనసు చివుక్కుమంటుంది. కాళ్ల దగ్గర ఇరువైపులా దుకాణాలు ఆనుకుని ఉన్నాయి. గచ్చు పెచ్చులు ఊడిన చోట సిమెంటు పూశారు. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి నూరే పాతకాలపు డంగు సున్నం లోపలి చెమ్మను బయటకు వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. వాన నీరు గోడలోకి దిగి, బయటికి రాలేక, పక్కనున్న పాత సున్నాన్ని కూడా ఉబ్బించి రాల్చేస్తుంది. బాగు చేద్దామని వేసిన అతుకే గోడకు పుండవుతుంది. 2019 మే నెలలో చార్మినార్ మీనారు నుంచే సున్నపు పెచ్చు ఊడిపడినప్పుడు ఊరంతా ఉలిక్కిపడింది. కమాన్ల నుంచి పెచ్చులు రాలితే ఆ ఉలికిపాటు కనిపించదు.

దివాన్ దేవిడీ ఏమైంది?

మచ్లీ కమాన్ దాటి నది వైపు వెళ్తుంటే ఎడమా కుడీ గల్లీలు చీలుతాయి. అసఫ్‌జాహీలు ఔరంగాబాద్ వదిలి హైదరాబాద్‌ను రాజధాని చేసుకున్నాక వాళ్ల వెంట వచ్చిన అమీర్లు, జాగీర్దార్లు ఈ చుట్టుపక్కలే దేవిడీలు కట్టుకున్నారు. ఎత్తైన దర్వాజా, లోపల ఆవరణలు, ఫౌంటెన్లు, మర్దానా, జనానా, గుర్రపుశాలలు. ఒక్కో దేవిడీ ఒక చిన్న ఊరంత. వాటిలో పేరుమోసింది సాలార్‌జంగ్‌ల దివాన్ దేవిడీ. నిజాం రాజ్యానికి దివాన్లుగా పనిచేసిన కుటుంబం అక్కడుండి రాజ్యభారం మోసింది. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883లో చనిపోయే వరకు దివానుగా ఉన్నాడు. ఆ ముప్ఫై ఏళ్లలో తెలంగాణ జిల్లాల రెవెన్యూ, న్యాయ పాలనకు సంబంధించిన సంస్కరణలు ఆ గోడల మధ్య నుంచే నడిచాయి.

మూడో సాలార్‌జంగ్ 1949 మార్చి 2న మరణించాడు. పెళ్లి చేసుకోలేదు, వారసులు లేరు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. ఒక్క కలంపోటుతో దేవిడీలను పోషించే రాబడి ఆగిపోయింది. నౌకర్లకు జీతాలు, పైకప్పులకు మరమ్మతులు, ఏటా సున్నాలు వేయడం, అన్నీ జాగీరు శిస్తు మీద నడిచిన ఖర్చులే. రైతు మెడ మీంచి ఆ బరువు దిగడం న్యాయం. అయితే ఆ శిస్తుతో లేచిన కట్టడాలను ఇకమీదట ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నకు అప్పుడు ఎవరూ సమాధానం వెతకలేదు.

దివాన్ దేవిడీకి కాస్త ఊపిరి దొరికింది. సాలార్‌జంగ్ పోగేసిన కళాఖండాలతో 1951 డిసెంబరు 16న అక్కడే మ్యూజియం తెరిచారు. నెహ్రూ వచ్చి ప్రారంభించారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి మారిపోయింది. వస్తువులు భద్రంగా చేరాయి. వాటిని దాచుకున్న ఇల్లు మిగల్లేదు. ముక్కలు ముక్కలుగా అమ్ముడై, కూలి, ప్లాట్లయింది. ఇప్పుడు అటు వెళ్తే పాత దర్వాజాలు కనిపిస్తాయి, వాటి లోంచి లోపలికి నడిస్తే వరసగా బట్టల మార్కెట్లు. ఏనుగుల కోసం కట్టిన ఎత్తులో, చీరల మూటలు మోసే హమాలీలు వెళ్తుంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం చూసి వచ్చే వేలమందిలో, ఆ గడియారం మొదట ఉన్న ఇంటి దర్వాజా నాలుగడుగుల దూరంలోనే ఉందని ఎందరికి తెలుసు? మ్యూజియం నుంచి దర్వాజా వరకు దారి చూపే ఒక బోర్డు పెట్టినా బాగుండును.

వరద కట్టించిన బజారు

1908 సెప్టెంబరు 28. మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, నది ఒడ్డు బస్తీలన్నీ కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు 15,000 మంది వరకు ఉంటారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్న సంగతి ఈ ఊళ్లో తాతలు మనవళ్లకు చెబుతూ వచ్చారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్.

జలాశయాల కథ అందరికీ తెలిసిందే. దానితో పాటే నడిచిన రెండో కథ పత్తర్‌గట్టిది. ఇరుకు బస్తీలు, మురుగు, ప్లేగు భయం, వీటన్నిటినీ ఒకేసారి ఎదుర్కోవడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. బోర్డు ఇరుకు గల్లీలను తెరిచింది, రోడ్లు వెడల్పు చేసింది, మురుగు కాలువలు తవ్వించింది, పేదలకు ఇళ్లు కట్టించింది. చార్మినార్‌ను నదికి కలిపే ఈ ముఖ్యమైన బాటను వెడల్పు చేసినప్పుడు, ఇరువైపులా ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకోనివ్వలేదు. ఒకే ఎత్తు, ఒకే రాయి, ఒకే లయతో కమాన్ల వరస నిలబెట్టింది. కింద మడిగెలు, వాటి ముందు జనం నడిచే వరండా, పైన నివాసాలు.

అదే కాలంలో నది ఒడ్డున విన్సెంట్ ఎష్ నమూనాలతో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ లేచాయి. వాటి గుమ్మటాల గురించి మనం ఎంతో చెప్పుకుంటాం. నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఈ బజారే. న్యాయమూర్తి కూర్చునే భవనానికి రాతి కమాన్లు పెట్టడంలో వింతేముంది? పావలా సరుకు బేరమాడే మనిషి నిలబడే చోటికి కూడా అంతే శ్రద్ధగా చెక్కిన రాయి పెట్టడం, వానొస్తే తడవకుండా, ఎండకు సొమ్మసిల్లకుండా చూడటం, ఇది పాలకుల నుంచి అరుదుగా దొరికే మర్యాద. బోర్డు ఆ పద్ధతినే కొనసాగించింది. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌కు బోర్డు అధ్యక్షుడైన నిజాం కుమారుడు మొజంజా పేరే పెట్టారు.

ఒక్క కమాను దగ్గర ఆగితే

ఇప్పుడు ఏదైనా ఒక కమాను ఎంచుకుని దాని కింద కాసేపు నిలబడండి. స్తంభం అడుగుభాగం రాయి నున్నగా మెరుస్తుంది. తరతరాల భుజాలు, బుట్టలు, చేతులు రుద్దుకుంటూ పోయిన మెరుపు అది. నడుమెత్తు దాటగానే రాయి మాయమై రంగు మొదలవుతుంది. గోరుతో గీకితే తెలుపు కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద నీలం, దాని కింద సున్నం. రంగులతో పనిలేకుండా వందేళ్లు నిలిచే రాయికి ఎవరి దుకాణం ముందు వాళ్లు తమకు నచ్చిన రంగు పూశారు. కమాను మొన తేలే చోటికి చూపు వెళ్లదు, ఆ భాగాన్ని ఫ్లెక్సీ బోర్డు కప్పేసింది. బోర్డును బిగించడానికి రాయికి బెజ్జాలు తొలిచారు. పక్కనే ఏసీ గొట్టం కోసం మరో పెద్ద బెజ్జం. దాని నుంచి కారే నీటి ధార వెంబడి నల్లటి నాచు చార. పైన కరెంటు తీగలు, కేబుళ్లు, ఇంటర్నెట్ తీగలు కలిసి చేతికి పట్టనంత లావు కట్టలై వేలాడుతుంటాయి. రెండు స్తంభాల మధ్య, నడవాల్సిన చోట, జరీ షేర్వానీ తొడుక్కున్న బొమ్మ నిలబడి ఉంటుంది.

ఆ బొమ్మను పక్కకు తోసి నడుద్దామంటే దాని వెనక ప్లాస్టిక్ డబ్బాల బండి. నీడలో సాగాల్సిన మనిషి మళ్లీ రోడ్డు మీదికే రావాలి.

వ్యాపారులను తప్పుపట్టడం తేలిక. నాకది న్యాయంగా తోచదు. ఈ కట్టడాలను ఇన్నేళ్లు బతికించింది వాళ్లే. మడిగెలు మూతపడి ఉంటే ఈ రాళ్లు ఎప్పుడో ఎవరి బంగళా పునాదులకో చేరేవి. చిక్కు మరోచోట ఉంది. చాలా మడిగెల్లో తండ్రుల కాలం నాటి కిరాయిదార్లు ఉన్నారు. పగిడీ (ముందస్తు మొత్తం) చెల్లించి తీసుకున్నవాళ్లున్నారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నీడలో పెద్దగా పెరగని అద్దెలున్నాయి. వచ్చే కిరాయి వెల్లకు కూడా చాలదని యజమాని అంటాడు. గోడ నాది కానప్పుడు నేనెందుకు ఖర్చు పెట్టాలని కిరాయిదారు అంటాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. పోనీ వరండా ఎవరిది? అందరూ నడిచేది, అందుకే ఎవరూ ఊడ్చనిది. యజమాని చేతికి డబ్బొచ్చి, కిరాయిదారు ఒప్పుకున్న రోజున ఆ భాగం కూలి, నాలుగంతస్తుల అద్దాల భవనం లేస్తుంది. కమాన్ల వరసలో పన్నూడిన చోటులా ఒక ఖాళీ ఏర్పడుతుంది. పక్కవాళ్లకూ ధైర్యం వస్తుంది.

పత్తర్‌గట్టి కొసన మదీనా భవనం ఇంకో పద్ధతి చూపింది. దాన్ని వక్ఫ్‌గా కట్టారు. దుకాణాల అద్దెలు అరేబియాలోని మదీనా నగరం పేదలకు పంపాలన్నది ఉద్దేశం. అక్కడ చమురు సంపద రాక ముందు హైదరాబాద్ బజారు అద్దెలు అక్కడి పేదల ఆకలి తీర్చాయన్నమాట. ఇప్పుడా పేరు ఊరందరికీ కూడలి పేరు, బస్టాపు పేరు, హలీం పేరు. ఇమ్లీబన్ బస్టాండులో దిగి టోకు బట్టలకు వచ్చే జిల్లాల వ్యాపారులకు మదీనా అంటే ఈ కూడలే. ఆ తర్వాత నయాపూల్. అక్కడ నగర ప్రాకారానికి ఉండిన అఫ్జల్ దర్వాజాను 1950ల్లో కూల్చారు. ఊరి గోడకున్న దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి పురానాపూల్, దబీర్‌పురాల్లోని రెండే.

మేడమీది బతుకులు

కింద దుకాణం, పైన సంసారం. ఈ బజారు పుట్టినప్పటి అమరిక ఇదే. రాత్రయినా వీధిలో దీపాలు, పిల్లల అరుపులు, వంట వాసనలు ఉండేవి. క్రమంగా పై అంతస్తులు గోదాములయ్యాయి. బట్టల తాన్లు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సంచులు నిండాయి. కొన్నిచోట్ల కుటుంబాలు ఇప్పటికీ ఉంటున్నాయి.

2025 మే 18 ఆదివారం ఉదయం గుల్జార్ హౌజ్ దగ్గర అలాంటి ఒక పాత భవనంలో మంటలు చెలరేగాయి. కింద నగల దుకాణాలు, పైన ఒకే కుటుంబానికి చెందినవాళ్లు. బయటపడటానికి ఒకటే ఇరుకు దారి. 17 మంది చనిపోయారు. వాళ్లలో పసిపిల్లలున్నారు, సెలవులకు వచ్చిన బంధువులున్నారు. విద్యుత్ షార్ట్‌సర్క్యూటే కారణమై ఉంటుందని అధికారులు అనుమానించారు. ఈ ఘటన తర్వాత పాత భవనాలంటేనే ప్రమాదమనే మాట మొదలైంది. ఆ మాట ఇలాగే సాగనిస్తే రేపు కూల్చడానికి అదే సాకవుతుంది. రాతి గోడకు, సున్నానికి నిప్పంటుకోదు. ఏసీలు, కంప్యూటర్లు లేని రోజుల్లో వేసిన వైరింగు మీద ఇవాళ్టి భారమంతా మోపడం, కిటికీలు మూసి గోదాములు చేయడం, వెనకవైపు మెట్లను దుకాణంలో కలిపేసుకోవడం, చెక్క విభజనలు, ప్లాస్టిక్ పైకప్పులు... ప్రాణాలు తీసేవి ఇవీ. తొలి రోజుల్లో గాలి కోసం పెట్టిన కిటికీ మళ్లీ తెరిస్తే అదే తప్పించుకునే దారి అవుతుంది. వారసత్వ కట్టడాల పరిరక్షణ అన్నప్పుడు మనం ముందుగా మాట్లాడుకోవాల్సింది ఈ మెట్ల గురించి, ఈ తీగల గురించి.

మార్కెట్‌కు జరిగింది, బజారుకు జరగలేదు

మొజంజాహీ మార్కెట్ కూడా కొన్నేళ్ల కిందటి వరకు ఇదే అవస్థలో ఉండేది. 2018లో పనులు మొదలుపెట్టి 2020లో దాన్ని తిరిగి తెరిచారు. బోర్డులు, తీగలు తీసేశారు, రాయి మీది రంగులు వదిలించారు, గడియారాన్ని నడిపించారు. దుకాణాలను వెళ్లగొట్టలేదు. ఐస్‌క్రీం తినేవాళ్లు, పండ్లు కొనేవాళ్లు మళ్లీ అక్కడికే వస్తున్నారు, ఇప్పుడు పాటలు, నాటకాలు చూడటానికీ వస్తున్నారు. అయితే ఆ మార్కెట్‌కు యజమాని ఒక్కరే, నగరపాలక సంస్థ. పత్తర్‌గట్టిలో ఒక్కో కమానుకు ఒక్కో యజమాని, ఒక్కో వివాదం. కాబట్టి అధికారుల ప్రణాళికలు రోడ్డు దగ్గరే ఆగిపోతున్నాయి. చార్మినార్ పాదచారుల పథకం ఏళ్ల తరబడి సాగి, నేల మీద రాతి పలకలు పరిచింది. చార్మినార్ చుట్టూ వాహనాలు తగ్గాయి. ఆ పలకల మీద నిలబడి చూస్తే మాత్రం గోడలు ఎప్పటిలాగే ఉన్నాయి.

చట్టం సంగతీ అంతే. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) కాలంలో నిబంధన 13 కింద నగరంలోని వారసత్వ కట్టడాల జాబితా తయారైంది, వాటిని ముట్టుకోవాలంటే అనుమతి కావాలన్నారు. 2015లో ఆ నిబంధనను తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. జాబితాలో పేరుండటం యజమానికి ఆంక్ష మాత్రమే అయితే, ఆయన దాన్ని శాపంగానే చూస్తాడు. పన్ను తగ్గింపో, మరమ్మతుకు సాయమో, తక్కువ వడ్డీ అప్పో కలిస్తేనే చట్టం గోడ దాకా చేరుతుంది.

ఈ బాట వెడల్పు తగ్గకుండా కాపాడిన శక్తి ఇంకొకటుంది. ఊరేగింపులు. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం (పవిత్ర పతాకం) ఏనుగు మీద చార్మినార్, గుల్జార్ హౌజ్ మీదుగా వస్తుంది. ఆషాఢ బోనాల్లో హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయ ఘటం కూడా ఏనుగు అంబారీ మీదే, ఇదే బాటన నయాపూల్ దాకా వెళ్తుంది. వినాయక నిమజ్జనం లారీలూ ఇటే సాగుతాయి. అంబారీ ఎత్తుకు తగ్గట్టు తీగలు పైకి కట్టాలి, దారికి అడ్డొచ్చినవి తొలగించాలి. ఏటా ఆ రోజుల్లో విద్యుత్ శాఖ, నగరపాలక సంస్థ, పోలీసులు, వ్యాపారులు, ఆషుర్ఖానా వాళ్లు, ఆలయ కమిటీ వాళ్లు ఒకచోట కూర్చుని ఆ పనులు చేయించుకుంటారు. దేనికి యజమాని ఎవరన్న పేచీ అప్పుడు రాదు.

అదే కూర్పును ఏడాది పొడవునా కూర్చోబెట్టగలిగితే చాలు. మొదటి పనికి కోట్లు అక్కర్లేదు. పిట్టగోడల సందుల్లో రావి మొక్కలు మొలిచి ఉన్నాయి. అవి చిటికెన వేలంత ఉన్నప్పుడే పీకి, సందును సున్నంతో మూయాలి. రెండు వానాకాలాలు ఆగితే వేరు రాతిని చీలుస్తుంది. తర్వాత ప్రతి భవనానికీ రెండో మెట్లదారి ఉందో లేదో లెక్క తీయాలి, వేలాడే తీగలను భూగర్భానికి దించాలి, బోర్డులన్నీ కమాను మొన కిందికి ఒకే వరసలో తేవాలి. వరండాను రోడ్డులో భాగంగా గుర్తించి, దాని ఊడ్పు, దీపాలు, మరమ్మతు నగరపాలక సంస్థ తన ఖాతాలో రాసుకోవాలి. 1912 నాటి బోర్డు దాన్ని కట్టింది ఊరి కోసమే కదా, చూసుకునే బాధ్యతా ఊరిదే కావాలి. పైన ఉంటున్నవాళ్లకు, కింద అమ్ముకుంటున్నవాళ్లకు ఆ భరోసా దొరికితే రంగు డబ్బా పట్టుకుని రాతి మీదికి ఎవరూ రారు.